ఎత్తు, గుట్టు: ఒక సంవాదము

సంభాషకులు ఇరువురు. బాబాయి ఉన్నత న్యాయస్థానమున చిరకాలము న్యాయవాదిగా పనిచేసి విరమించి, కొండాపూర్‌లో కుమారుని యింట శేషజీవితమును గడపుచున్నవారు. అమ్మాయి ఆయన యన్న కూతురు. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములలో ఇంటింటికి పోయి, ఎముకలు విరిగినవారికి, మోకాళ్ళు మార్పించుకొన్నవారికి మరల నడక నేర్పు ఫిజియోథెరపిస్టు. ఒక యువకుడు కాళ్ళ పొడవు పెంచుకొని రహస్యముగా కోలుకొనుచున్నాడని, పేరుగాని వీధిగాని చెప్పక, ఆమె మాటవరుసకు అన్న మాటతో ఈ వాదము పుట్టినది.

బాబాయి: నీవు చెప్పినదానిలో నాకు నేరమేమియు గోచరింపలేదమ్మాయీ. ఒక యువకుడు తాను సంపాదించిన ధనము వెచ్చించి, తన జంఘాస్థులను ఛేదింపజేసికొని, రెండంగుళముల పొడవు పెంచుకొనదలచెను. ఆ సంగతి తల్లిదండ్రులకు గాని తోటి యుద్యోగులకు గాని తెలియరాదని కోరెను. మొదటిది అవివేకమని నీవనవచ్చును, నేనును అనవచ్చును. రెండవదానిని ఆక్షేపించుటకు మనకధికారమెక్కడిది? గోప్యముగా నుంచదగినవని పెద్దలు లెక్కించిన తొమ్మిదింటిలో ఔషధమొకటి, అవమానమొకటి. ఈతడు చేయించుకొన్నది చికిత్స. దానికి ప్రేరకము అవమానము. ఏ వైపునుండి చూచినను దాచదగినదే.

అమ్మాయి: ఆ తొమ్మిదింటిలో గృహచ్ఛిద్రము కూడ ఉన్నది గదా, బాబాయిగారూ! కన్నకొడుకు ఇదే నగరములో ఒక అద్దె గదిలో కాళ్ళకు ఇనుపచట్రములతో పడియుండగా, వాడు బెంగుళూరులో శిక్షణలో ఉన్నాడని తల్లి ఇరుగుపొరుగులకు చెప్పుకొనుచుండుటకంటె వేరు ఛిద్రము కావలెనా? రహస్యము తప్పని నేననను. రోగి రహస్యమును కాచుట నా వృత్తిలో భాగము. ఎవరినుండి దాచుట, ఎంతకాలము దాచుట, ఆ దాచుటకు మూల్యమెవరు చెల్లించుట, ఇవే నా ప్రశ్నలు. శస్త్రచికిత్స కొన్ని గంటల పని; కోలుకొనుట ఇంచుమించు ఒక సంవత్సరపు పని. గంటలను దాచవచ్చును గాని సంవత్సరమును దాచుట ఎట్లు?

బాబాయి: సంవత్సరమెందులకు? ఎముక కోసి, కడ్డీ దూర్చి, కుట్లువేసి పంపుదురని గదా నా యెరుక!

అమ్మాయి: అట్లనుకొనియే చాలమంది మంచమెక్కుదురు. ఇది ఎముకను లాగి సాగదీయుట కాదు. మానబోవుచున్న ఎముకను మోసపుచ్చుట. శస్త్రవైద్యుడు చర్మముపై చిన్న గంటు పెట్టి, ఎముకపై పొరకు వీలైనంత తక్కువ హాని కలుగునట్లు దానిని తెగగొట్టి, కాలిచుట్టు రింగులు, వానికి తీగలు బిగించును. అయిదారు దినములో వారమో ఏమియు కదలింపరు. విరిగిన ఎముకను అతుకుకొనవలెనని శరీరము యత్నము మొదలుపెట్టిన తరువాత, దినమునకు 1 మిల్లీమీటరు, అదియు ఒక్కమారుగా గాక పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు మారులు నట్టు తిప్పుచు, తెగిన రెండు కొనలను ఎడము చేయుచు పోవుదురు. ఆ సందులో క్రొత్త ఎముక పుట్టును. వేగము హెచ్చిన పుట్టుకయే చెడును. మందగించిన కోరిన పొడవు రాకమునుపే అతుకుకొనిపోవును. రెండంగుళములనగా 5 సెంటీమీటర్లు. కనుక తిప్పుటకే ఏబది దినములు పట్టును. అంతటితో తీరినదా? ఆ క్రొత్త ఎముక అప్పుడే లేపిన పచ్చిగోడవంటిది, చూచుటకు గోడయే గాని ఆనుకొన కూలును. అది గట్టిపడుటకు సెంటీమీటరుకు నెల, కొందరికి అంతకు మించి. ఎక్స్‌రేలో నాలుగు వైపులలో మూడు వైపులనైన గట్టి అంచు కనబడువరకు వైద్యుడు చట్రమును విప్పడు.

ఇంతవరకు చెప్పినది ఎముక కథ. నా పని కండరముతో. ఎముక పెరిగినదని కండరమునకు ఎవరు చెప్పుదురు? నరమునకు ఎవరు చెప్పుదురు? పిక్క కండరము బిగిసి మడమను పైకి లాగును; దినమునకు పలుమారులు సాగదీయకున్న ఆ మనిషి మునివ్రేళ్ళమీద నడచుటకు అలవాటుపడును, తరువాత ఆ మడమను నేలకు దింపుటకు మరియొక శస్త్రచికిత్స కావలసివచ్చును. పాదము తిమ్మిరెక్కును; తీగలు చర్మములో దూరినచోట చీము పట్టును. ఇక రాత్రి నొప్పిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. నట్టు తిప్పు నెలలలో నిద్రపట్టినదని చెప్పిన రోగిని నేనెరుగను.

బాబాయి: ఇది ఇలిజరోవ్ పద్ధతియే గదా! ఆయనను గూర్చి నేను చదివితిని. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా పడమటి సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతమునకు పల్లెవైద్యుడుగా వెళ్ళి, 1950 దశకారంభమున ఈ చట్రమును కల్పించెను. వలేరీ బ్రుమెల్ అను క్రీడాకారుడు 1964లో టోక్యో ఒలింపిక్సున ఎత్తు దూకుటలో స్వర్ణపతకము పొంది, మరుసటి యేటనే మోటారుసైకిలు ప్రమాదమున కాలు చితుకగొట్టుకొనగా, ఎన్నో శస్త్రచికిత్సలు విఫలమైన పిమ్మట 1968లో ఆ కాలిని చక్కదిద్దినవాడీయనయే. అయినను 1980లో కార్లో మౌరి అను ఇటలీ పర్వతారోహకుడు కుర్గాన్ పోయి కాలు బాగుచేసికొని వచ్చువరకు పాశ్చాత్యవైద్యులు ఆ విద్యను పట్టించుకొనలేదు. ఇంచుమించు ముప్పది యేండ్లు విద్యయే గుట్టుగా నుండగా, దానిచే చికిత్స పొందినవాడొక సంవత్సరము గుట్టుగా నుండరాదా?

అమ్మాయి: వకీలు మాట! ఇలిజరోవ్ ఆ చట్రమును కట్టినది యుద్ధములో కాళ్ళు చితికినవారికి, పుట్టుకతో ఒక కాలు పొట్టియైనవారికి. మన తెలుగుదేశములోనే చూడుడు. పోలియో సోకిన వేలమంది పిల్లలకు శస్త్రచికిత్సలు చేసి 2022లో పద్మశ్రీ పొందిన విశాఖ వైద్యులు సుంకర వెంకట ఆదినారాయణరావుగారు శిబిరములు పెట్టగా, తల్లిదండ్రులు తమ బిడ్డలను పదిమంది చూచుచుండగనే తీసికొనివచ్చిరి. అక్కడ కాలిని దాచినవారు లేరు. ఈ నట్టు, ఈ రింగు, ఈ నొప్పి పోలియో సోకిన బిడ్డకైన ఊరంతకును చెప్పుకొందురు. ఎత్తు కోరిన ఇంజనీరుకైన తలుపు గడియ వేసికొందురు. కాబట్టి ఇక్కడ దాచబడుచున్నది కాలు కాదు, కోరిక.

బాబాయి: సరిగా పట్టితివి! కోరికను దాచుకొను హక్కుకంటె పెద్ద హక్కు ఏది? ఆ కోరికను సిగ్గుపడదగినదిగా చేసినదెవరో విచారింపుము. పొట్టివానికి పుట్టెడు బుద్ధులని మెచ్చుకొనునట్లే ఎత్తిపొడుతుము. పెండ్లిచూపులలో పిల్లను, పిల్లవానిని చెప్పులు విప్పించి ప్రక్కప్రక్కన నిలువబెట్టి, జోడు కుదరలేదని కాఫీ చల్లారకమునుపే లేచిపోవుదుము. సంబంధముల వెబ్‌సైటులో జీతమునకొక గడి, ఎత్తునకొక గడి. ఆ గడిలో అంకె చాలలేదని వీడు ఎముక కోయించుకొన్నాడు. ఇప్పుడది బయటపడెనా, నిన్న పొట్టివాడని నవ్వినవారే నేడు సాగదీసికొన్నవాడని నవ్వుదురు. రెండవ నవ్వునుండి తప్పించుకొనుటకు వాడు తలుపు వేసికొనిన, తలుపు తెరువుమని తట్టుట దయ అగునా?

అమ్మాయి: ఆ నవ్వు క్రూరమేయని ఒప్పుకొందును. కాని 2016 సంవత్సరపు వేసవిని మీరు మరచితిరా? ఈ నగరములోనే ఇరువది దాటిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అయిదడుగుల ఏడంగుళముల ఎత్తుండియు, చాలదనుకొని, తల్లిదండ్రులకు చెప్పక ఒక పెద్ద ఆసుపత్రిలో చేరి కాళ్ళు కోయించుకొనెను. కొడుకు కనబడలేదని ఆ తల్లిదండ్రులు పోలీసుల నాశ్రయించి, చివరకు వానిని ఆసుపత్రి మంచముమీద చూచిరి. ఇంటి గుట్టు లంకకు చేటని మీరందురు. గుట్టే ఇంటికి చేటైన ఉదాహరణమిది.

బాబాయి: మరచుట ఎట్లు? వారముల తరబడి టీవీలలో అదియే గదా! అయితే నాకు జ్ఞప్తియున్నది వేరొక భాగము. ఆ బాలుని పేరు, ముఖము, కట్లు కట్టిన కాళ్ళు, తండ్రి కన్నీరు, వైద్యుని సమాధానము, అన్నియు ప్రతి యింటి ముందుగదిలోనికి వచ్చినవి. వాడు దాచదలచినది కొద్ది అంగుళములు. రెండు తెలుగు రాష్ట్రములును వానిని తల మొదలు పాదము వరకు కొలిచినవి. ఆ పేరు నేనిప్పుడు ఉచ్చరింపను. ఉచ్చరించిన నా వాదమే చెడును. వైద్యమండలి విచారణ జరిపినది, అది వారి ధర్మము. కాని తల్లిదండ్రులకు చెప్పకపోవుటయే వైద్యుని నేరమని నాడు టీవీలో కేకలువేసినవారి మాట న్యాయమునకు నిలువదు. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానమేమన్నది? వయస్సు వచ్చి, బుద్ధి స్థిమితముగానున్న రోగి మత్తులో నున్నప్పుడు, ప్రాణాపాయము లేని సందర్భమున, తల్లియిచ్చిన అంగీకారము చెల్లదని. కన్నతల్లి సంతకమే చెల్లనిచోట, ఆమెకు తెలియజేయలేదని తప్పుపట్టుట ఎట్లు? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత మూలహక్కనిరి. ఆ బాలునికది ఒక సంవత్సరము ఆలస్యమైనది, అంతియే. ఇంకను పూర్వమునకు పోదువా, చరకుడు శిష్యునకు చేసిన ఉపదేశములోనే రోగి యింటి విషయములను వైద్యుడు వెలుపల చెప్పరాదని యున్నది.

అమ్మాయి: వైద్యుడు చెప్పరాదని చరకుడన్నాడు గాని, రోగి చెప్పుకొనరాదని అనలేదు, బాబాయిగారూ. మీ న్యాయస్థానములు సంతకమెవరు చేయవలెనో తేల్చినవి. మలమూత్రముల కెవరు సాయము పట్టవలెనో తేల్చలేదు. సంతకమునకు ఒక్కడు చాలును. స్నానమునకు మొదటి వారములలో ఇద్దరు కావలెను.

అయ్యప్ప సొసైటీలోని పీజీ హాస్టలు గదిని మీరు చూచియుండరు. రెండు మంచముల నడుమ వాకరు తిరుగదు. స్నానపుగది గడప జానెడెత్తు. తినుటకు డెలివరీ కుర్రవాడు తెచ్చినది. వాడు తలుపు దగ్గర పెట్టిపోవును, తలుపువరకు పోవుటయే పావుగంట ప్రయాణము. నట్టు తానే తిప్పుకొనును, ఎటువైపు తిప్పవలెనో నిద్రమత్తులో తడబడును. తీగ మొదట ఎరుపెక్కినదా, నీరు కారుచున్నదా అని వంగి చూచుకొనలేడు. జ్వరము వచ్చిన మాత్ర వేసికొని దుప్పటి కప్పుకొనును. ఆ జ్వరము ఎముకలోని చీముదో, మామూలు జలుబుదో చెప్పువారు లేరు. పిక్క వాచి, ఊపిరి ఆడనట్లైన అది రక్తము గడ్డకట్టినదేమోయని భయపడి ఆ క్షణమే బయలుదేరవలసినది. రహస్యముగా నుండువాడు తెల్లవారనిమ్మని వేచియుండును. నేను చూచుటకు పోవుదును గాని, నేను గంటసేపు ఉండుదాననే. మిగిలిన ఇరువదిమూడు గంటలు ఎవరివి?

బాబాయి: వాడెన్నుకొన్న యేకాంతమది. పైగా నేటి ఉద్యోగపద్ధతి ఆ యేకాంతమునకు అనుకూలించుచున్నది. 1998 నవంబరులో వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిననాడు ఉద్యోగమనగా ఆ గుండ్రని భవనమునకు పోయి కూర్చుండుట. 2020 తరువాత మా వాడును, వాని స్నేహితులును నెలల తరబడి ఇంటినుండియే పనిచేయుట నేను చూచితిని. లాప్‌టాప్ కెమెరా రొమ్ము క్రిందిభాగమును చూపదు. కాళ్ళకు రింగులున్నను, ఇస్త్రీచొక్కా తొడిగినవాడు మీటింగులో కూర్చుండవచ్చును.

అమ్మాయి: అందుకే నాకు నవ్వును ఏడుపును ఒక్కమారు వచ్చును. ఆ తెరలో ప్రతి మనిషియు ఒకే కొలత చతురస్రము. ఎత్తు కనబడని లోకము దొరకినప్పుడు ఎత్తు మరచిపోవలసినది పోయి, అదే అదనుగా ఎత్తు పెంచుకొనిరి! కాని కార్యాలయము ఎల్లప్పుడు ఇంటిలోనుండదు. ఒకనాడు రాయదుర్గము మెట్రో దిగి మైండ్‌స్పేసువరకు నడువవలసివచ్చును. సెలవు తీరిన దినమునకు ఎముక గట్టిపడునని ఎవరును వ్రాసియీయలేదు. నలుగురిలో కుంటుట సిగ్గని, కర్రలు వదలవలసిన వేళకంటె ముందే వదలుదురు. పచ్చి ఎముక వంగును. సాగదీయు వ్యాయామమును మానివేయుదురు, ఎందుకన నేను బ్యాగుతో గదిలోనికి వచ్చుట ఇతరులు చూతురని. రహస్యము కాలును కాచుట లేదు. కాలే రహస్యమును కాచుచున్నది.

బాబాయి: అట్లైన రింగులు లేని పద్ధతి యున్నదందురే? ఎముకలోపలనే ఇమిడి, అయస్కాంతముచే పొడుగగు మేకు. చూపరులకు ఏమియు కనబడదు.

అమ్మాయి: ప్రిసైస్ అను మేకు. అమెరికాలో 2011లో అనుమతి వచ్చినది. లోపల అయస్కాంతము, సన్నని పండ్లచక్రములు. వెలుపలనుండి ఒక యంత్రమును తొడపై ఉంచిన అది తిరిగి మేకు సాగును. తీగల పుండ్లు లేవు, అది మేలే. వెల మాత్రము ఎంతో హెచ్చు. కాని లోక దృష్టినుండి దాచు ఆ మేకు కండరమునుండి దాచగలదా? మోకాలు బిగియుట బిగియుటయే. మేకు బలము చాలదు గనుక పూర్తి బరువు మోపరాదు. ఆ నెలలలో కర్రలు తప్పవు. కర్రతో పోవుచుండగా ఏమైందని అడుగక విడుచు తెలుగువాడెవడు? వాచ్‌మను అడుగును, పనిమనిషి అడుగును, లిఫ్టులో ఎదురైన ముసలాయన అడుగుటయే గాక నూనె పేరు కూడ చెప్పును. మీరు మౌనముగా నుండు హక్కని వాదించుచున్నారు. ఆ మౌనము మొదటి అంతస్తు దాటదు. బైకుమీదనుండి పడితినని చెప్పవలసివచ్చును.

బాబాయి: అక్కడ నేనాగుదును. మౌనము వేరు, అసత్యము వేరు. చెప్పనని తలయూపి పోవుట వాని హక్కు. లిఫ్టులోని ముసలాయనతో బైకుమాట చెప్పుట సభ్యతకై ఆడిన చిన్న అబద్ధమనుకొందము. ఆ బైకుమాటనే కార్యాలయమునకు వైద్యుని పత్రముగా పంపినను, బీమాకంపెనీకి ప్రమాదముగా చూపి ధనము రాబట్టినను, అది మోసము. సౌందర్యార్థము చేయు చికిత్స సాధారణముగా బీమాలో చేరదు. అట్టివానిని నేను సమర్థింపను. నా నోటీసు వానిపైననే పోవును.

అమ్మాయి: పెండ్లికూతురి మాట ఏమిటి?

బాబాయి: ఆమె వరుని వివాహమాడుచున్నది గాని వాని పూర్వపు ఎక్స్‌రేలను కాదు. జుట్టు నాటించుకొన్నవాడు చెప్పుచున్నాడా? పండ్లు సరిచేయించుకొన్న పిల్ల చెప్పుచున్నదా?

అమ్మాయి: పండ్లు సరిచేయించుకొన్న పిల్లకు చలికాలమున నడక తడబడదు. రేపు ఆయన మెట్లు దిగలేక నిలిచినప్పుడు చేయి పట్టుకొనవలసినది ఆమె. పుట్టు బిడ్డకు తండ్రి పాత ఎత్తే వచ్చును, క్రొత్త ఎత్తు రాదు. అప్పుడు అత్తవారు ఆమె వంక చూతురు.

బాబాయి: (నవ్వి) ఈ ఒక్క విషయమున నీవు గెలిచితివి. పెండ్లికి ముందు ఆమెకు చెప్పవలెను. అయితే ఆమెకు చెప్పవలెనను నీతినుండి తల్లిదండ్రులకు చెప్పవలెనను విధి పుట్టదు. చెప్పిన వారేమి చేయుదురో వానికి తెలియును. తండ్రి పాస్‌పోర్టు దాచును, తల్లి అన్నము మానును, మేనమామ వచ్చి కౌన్సెలింగని పేరు పెట్టి తిట్టును. చెప్పుటకు వీలైన యిల్లుండిన వాడు దాచునా? నీవు రహస్యమును నిందించుచున్నావు. నేను ఆ యింటిని చూచుచున్నాను.

అమ్మాయి: నేను తల్లిదండ్రులకే చెప్పుమనలేదు, బాబాయిగారూ. నాకు కావలసినది బంధుత్వము కాదు. శస్త్రచికిత్సకు ముందు సంతకము చేయు కాగితములో ఇంకొక పంక్తి యుండవలెను: దీనిని ఎరిగి, అర్ధరాత్రి పిలిచిన రాగల మనిషి యెవరని. అన్నయో, స్నేహితురాలో, గది పంచుకొన్నవాడో, ఎవరైన సరే. ఆ పంక్తి ఖాళీగా నున్న కత్తి పట్టరాదు.

బాబాయి: వినుటకు మృదువుగ నున్నదే గాని ఇది నిర్బంధము. ఎవ్వరును లేనివాడు ఏమి చేయవలెను? పదియేండ్ల క్రిందట ఏ శ్రీకాకుళమునుండియో, ఆదిలాబాదునుండియో వచ్చి, దినమునకు పండ్రెండు గంటలు తెర చూచి, వారాంతమున నిద్రపోవువానికి అర్ధరాత్రి పిలువదగిన మనిషి లేకపోవుట వింత కాదు. ఒంటరితనమును నీవు చికిత్సకు అనర్హతగా చేయుచున్నావు.

అమ్మాయి: చేయుచున్నాను. పొగత్రాగువానిని మానిన తరువాత రమ్మని వైద్యులు పంపివేయుట లేదా? పొగవలన క్రొత్త ఎముక ఆలస్యముగా పుట్టును గనుక. ప్రాణము నిలుపు చికిత్సకు నేనీ షరతు పెట్టను, రెండంగుళములకు పెట్టుదును. ఆ రెండంగుళములు ఎక్కడికిని పారిపోవు.

బాబాయి: సిగరెట్టు మానుటకు కొన్ని వారములు చాలును. అర్ధరాత్రి వచ్చు స్నేహితుని సంపాదించుటకు ఎంతకాలము పట్టును?

అమ్మాయి: అందుకే కొన్ని వారములు ఆపుమనలేదు, బాబాయిగారూ. దొరకువరకు ఆపుమంటిని.